తువ్వాల కింద ధర

మా పెద్దనాన్న కొడుకు విదేశాంగ శాఖ కొలువుకు ఎంపికయ్యాడని తెలిసిన రోజు ఆర్మూర్‌లో మా గల్లీ అంతా లడ్డూలు తింటుంటే, నేను స్నానాల గదిలో గడియ పెట్టుకుని ఏడ్చాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. కళ్లెందుకు ఎర్రబడ్డాయని అమ్మ అడిగితే సబ్బు పడిందన్నాను. అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నాను.

అన్న అప్పటికి ఆర్మూర్ కోర్టులో వకీలు. నల్లకోటు మడిచి సైకిల్ వెనక పెట్టుకుని వెళ్లేవాడు. సాయంత్రాలు మా ఇంట్లో కూర్చుని ఢిల్లీ పరీక్షలకు చదివేవాడు. అతను లేనప్పుడు ఆ పుస్తకాలు నేను తెరిచి చూసేదాన్ని. అతని చేతిలో ఉన్న కేసుల్లో మాకు కావలసింది ఒక్కటే, మా బాపుది.

మా బజారులో పసుపు అమ్మకం ఇట్లా జరిగేది. రైతు తన బస్తాలను, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో దించుతాడు. కొనే వ్యాపారీ, దుకాణం నడిపే అడ్తిదారూ చేతులు కలిపి, పైన ఒక తువ్వాల కప్పుకుంటారు. లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. నోట మాట ఉండదు. పసుపు పండించినవాడు ఎదురుగా నిలబడి ఆ తువ్వాల కదలడం చూస్తాడు. చేతులు విడిపోయాక ధర ఇంత అని అతనికి చెబుతారు.

ఒక ఏడు బాపు ఆ తువ్వాలను లాగేశాడు.

"నా పసుపుకు ఎంతంటున్నరో నాకినపడాలె" అన్నాడట.

అడ్తి సావుకారి నవ్వాడట. "గిదేమన్న లగ్గంల పట్టే తెర అనుకున్నవా పటేలా, గుంజేస్తందుకు?"

బజారంతా నవ్వింది. అన్న మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రమే వచ్చి, "కాకా, ధర అందరి ముంగట గట్టిగ చెప్పాలని కేసేద్దాం. నువ్వు ఎన్కకు జరగకు, నేనున్న. కోర్టుల మాత్రం నేను లేంది నోరిప్పకు. ఒక్క మాట అటిటు పోయినా వాళ్లు పట్టుకుంటరు" అన్నాడు.

"నాకేమెరుక నాయినా. నువ్వెట్లంటే గట్ల" అన్నాడు బాపు.

కేసు పడిన నాటి నుంచి ఆర్మూర్‌లో ఏ దుకాణమూ మా బస్తాలను దించుకోలేదు. నిజామాబాద్ తీసుకుపోతే, మాకంటే ముందే అక్కడికి కబురు చేరింది. ఆ పసుపంతా నేను పడుకునే గదిలోకి వచ్చింది. బస్తాల మీద కూర్చునే అద్దె నవలలు చదివేదాన్ని. "మీ ఇంటికి పోయొచ్చిన పుస్తకం పేరంటానికి పోయొచ్చినట్టుంటది" అనేవాడు పుస్తకాల దుకాణం ఆయన. రెండో ఏడు కొమ్ములకు పురుగు పట్టింది. సంచి ముట్టుకుంటే పిండి రాలేది. అయినా బాపు ధైర్యంగానే ఉన్నాడు. కేసు నడుస్తున్నది కదా.

అప్పుడే ఆ లడ్డూలు వచ్చాయి. అన్న బాపు కాళ్లకు మొక్కి, "ఫైలు మా దోస్తుకిచ్చిన కాకా, ఫికర్ చెయ్యకు" అని రైలెక్కాడు.

వాయిదా రోజు ఆ దోస్తు రాలేదు. బంట్రోతు బయటికొచ్చి బాపు పేరు మూడుసార్లు పిలిచాడు. బాపు వరండాలోనే కూర్చుని ఉన్నాడు. విన్నాడు. లేవలేదు.

"పిలిస్తే పోవా? చెవులల్ల దూది పెట్టుకున్నవా?" అని బాపు ఇంటికొచ్చి చెప్పాక అమ్మ నెత్తి కొట్టుకుంది.

"నేను లేంది నోరిప్పకన్నడు గద" అన్నాడు బాపు.

కేసు కొట్టేశారు. మళ్లీ తెరిపించవచ్చని తెలిసి పెద్దనాన్నతో కబురు పంపాం. కొత్త కొలువులో ఉన్నాను, ఇట్లాంటి వాటిలో నా పేరు రాకూడదని అన్న జవాబు చెప్పించాడు. ఆ తర్వాత బాపు తన పసుపును మెండోరలో ఉండే మా మేనమామ పేరు మీద అమ్ముకున్నాడు. బస్తాలు దించేటప్పుడు పక్కకు వెళ్లి నిలబడేవాడు.

నేను డిగ్రీలో ఉండగా అన్న సెలవు మీద వచ్చాడు. రెండు దేశాలు తిరిగి వచ్చినవాడని మార్కెట్ యార్డులో అడ్తిదారులే శాలువా కప్పారు. మరునాడు అతను ఆ సావుకారినే వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను చాయ్ పెట్టాను.

"కాకా, మా కొలువుల కొట్లాట పెట్టుకునేటోడు పనికిరాడు. ఇద్దరికీ ఇజ్జత్ మిగలాలె" అన్నాడు అన్న.

"సాబ్ చెప్పినంక నేనెట్ల కాదంట? పటేలు పసుపు మా దుకాణంలనే దించుకుంట. పటేలు చెయ్యి గూడ తువ్వాల కింద పెట్టనిస్త. ఏ రైతుకియ్యని మర్యాద" అన్నాడు సావుకారి.

"మరి తక్కినోళ్లు?" అన్నాడు బాపు.

"తక్కినోళ్ల ముచ్చట నీకెందుకు కాకా? నీ కేసుల సాక్షానికి ఒక్కడన్న వచ్చిండా?" అన్నాడు అన్న.

అది నిజమే. బాపు తల ఊపాడు.

రెండు రోజులకు సద్ది ఇవ్వడానికి వెళ్లి చూశాను. బాపు చేయి తువ్వాల లోపల ఉంది. ఏర్గట్ల నుంచి వచ్చిన రైతులు ఎదురుగా నిలబడి చూస్తున్నారు. "పటేలు గూడ లోపటోడే అయిండు రా" అని ఒకతను అన్నాడు. బాపు వినకుండా ఎట్లా ఉంటాడు? సద్ది గిన్నె నా చేతి నుంచి తీసుకున్నాడు కానీ నా ముఖం చూడలేదు.

అన్న వెళ్లే రోజు అందరూ కారు చుట్టూ మూగారు. నలుగురిలో మాట్లాడటం నాకు అలవాటు లేదు. అయినా కిటికీ దగ్గరికి వెళ్లి, "అన్నా, కేసు ఇడిసిపెట్టకుంటే గెలుస్తుంటిమా?" అని అడిగాను.

అతను నవ్వాడు. యార్డులో శాలువా కప్పించుకున్నప్పుడు నవ్వినట్టే.

"గెలుస్తుంటిమి చెల్లె. గా సంగతి నాకు ఢిల్లీ పోకముందే ఎరుక. పో, లోపటికి పో, ఎండ మస్తున్నది."