ఎదురింటి అరుగు మీద సెల్లో

ఈ పొద్దు సెల్లో కమానుకు గుగ్గిలం రుద్దుతుంటే, ఆ వాసనకు యుద్ధం రోజుల చిత్తూరు గుర్తొచ్చింది. మన వీధిలో పెరిగిన మీకూ గుర్తుండాలి. కిరసనాయిలు దొరక్క ఆముదం దీపాలు పెట్టుకున్న మన వీధి, మద్రాసులో కచేరీలు చేసి వచ్చి మన పిల్లలకు సెల్లో నేర్పిన దానియేలు అయ్యవారు, అప్పట్లో నా ఎత్తే ఉన్న ఆ పెద్ద ఫిడేలు.

నవమి భజనలో వాయించడానికి మా నాయనతో, అయ్యవారితో కలిసి నేను కుర్చీ మోసుకుని గుడికి పోతే, భజన పెద్ద మునెప్ప గడపలోనే ఆపాడు.

"మేమంతా దేవుని ముందర కిందనే కూసుంటాము. వీడికి కుర్చీనా? కింద కూసోని వాయించమను."

కింద కూర్చుని వాయిస్తే సెల్లో పలకదు. మోకాళ్ల మధ్య నిలబెట్టాలి. మా నాయన తల వంచుకుని, "పద రా ఇంటికి" అన్నాడు.

అయ్యవారు కదల్లేదు. "కుర్చీ వద్దులే అబ్బా. ఎదురింటి అరుగు ఉండాది గదా."

అరుగు అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నాను. సెల్లో వీధి మట్టిలో నిలబడింది. లోపల పాట ఎత్తుకోగానే నేను బయట నుంచి అందుకున్నాను.

"తలుపు ముయ్యండప్పా" అన్నాడు మునెప్ప.

"భజన జరగతా ఉంటే దేవుని తలుపు మూస్తారా మామా?" అని తాళాలు కొట్టేవాళ్లే నవ్వారు.

ఆ తర్వాత బడి మానేసిన నేను ఇప్పుడు అదే అరుగు మీద పిల్లలకు సెల్లో నేర్పుతున్నాను. మొన్న నవమికి, ముసలివాడైపోయిన మునెప్ప నన్నూ పిల్లలనూ లోపలికి రమ్మన్నాడు. కుర్చీలు వేస్తే వస్తామన్నాను. ఆయన వెయ్యలేదు. మేము అరుగు దిగలేదు.