పడుగు లేని ముడి

నా చిన్నప్పుడు, ఏలూరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, పక్కింటి వరండాలో నలుగురం ఉన్నాం: మా తాతయ్య, నేను, పక్కింటి అక్క, తివాచీలు నేసే వాళ్ళ నాన్నగారు. ఇంకా సగం నేసిన తివాచీతో నిలువు మగ్గం, ఎర్ర ఉన్ని ఉండలు, బకెట్టులో జెల్ల చేపలు, తాతయ్య చేతికి చుట్టిన తడి తువ్వాలు, ఆయన జేబులో ఒక మాత్రల అట్ట. గొడవంతా ఆ అట్ట గురించే.

అంతకు ముందు ఏడాది తాతయ్య గుండెలో లోహపు వాల్వు వేశారు. అప్పట్నుంచీ రక్తం తొందరగా గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఆ పొద్దున కొల్లేటి పక్కన ఉన్న మా చెరువులో చేపలు ఏరుతుంటే జెల్ల ముల్లు ఆయన అరచేతిలో దిగింది. చెరువు మీద పనిచేసేవాళ్ళకి అది కొత్త కాదు. చేతిని నీళ్ళలో ఆడిస్తారు, లుంగీకి తుడుచుకుంటారు, మళ్ళీ పనిలో పడతారు. తాతయ్యా అదే చేశాడు. ఈసారి రక్తం ఆగలేదు. ఆగిందా అని ఎత్తి చూడటం, కారుతోందని కడగటం, మళ్ళీ చూడటం. మాకూ పక్కింటికీ చేపలు ఇవ్వడానికి బస్సెక్కి ఏలూరు వచ్చేదాకా అదే పని.

"నేను పోయేది గుండెతో కాదు, ఈ మాత్రతో! ఇవాళ్టితో సరి," అని అట్ట తీసి మురిక్కాలవ వైపు చెయ్యెత్తాడు.

అక్క ఆ చెయ్యి పట్టుకుంది. ఆవిడ హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేసేది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు కణాల పొరని ఎలా పట్టుకుంటాయన్నది ఆవిడ విషయం. మా వీధిలో అది ఎవరికీ అర్థం కాక 'రక్తం డాక్టరమ్మ' అనేవారు. అట్ట తన దగ్గర పెట్టుకుని, తడి తువ్వాలు విప్పి, శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి, దాని మీద నా అరచేతిని ఆనించింది. గట్టిగా నొక్కి ఉంచమంది. తను చెప్పేదాకా ఎత్తి చూడొద్దంది.

తర్వాత తాతయ్య రెండో చేతికి ఒక ఉన్ని పోగు ఇచ్చి, "దీంతో గాలిలో తివాచీ ముడి వెయ్యండి తాతగారూ," అంది.

తాతయ్యకి నవ్వొచ్చింది. "మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు దారాలు లేకుండా ముడేంటమ్మా? దేన్ని పట్టుకుంటుంది?"

"నేను చదివేది అదేనండి," అంది అక్క. ఆ ప్రొటీన్లు రక్తంలో ఉన్ని పోగుల్లా ఊరికే తేలుతుంటాయట. గాయమైన చోటికి ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు చేరి, తమ పొరలో లోపలి వైపుని బయటికి తిప్పుతాయట. అదే పడుగు. దాన్ని పట్టుకున్నాకే ముడి మీద ముడి పడి రక్తం గడ్డకడుతుంది. "మీరు తుడిచినప్పుడల్లా నేసిందంతా ఊడబెరుకుతున్నారండి."

మరి మాత్ర సంగతేమిటని తాతయ్య వదల్లేదు. అక్క తన నాన్నగారి వేళ్ళకి ఒక్కొక్కదానికీ గుడ్డ పీలిక చుట్టి, ఇప్పుడు ముడి వెయ్యమంది. "ముప్పయ్యేళ్ళ చెయ్యమ్మా ఇది, దీనికి కట్లు కడతావా?" అని విసుక్కుంటూనే ఆయన మగ్గం ముందు కూర్చున్నారు. రెప్పపాటులో వేసే ముడి రెండుసార్లు జారిపోయి, చివరికి పడింది. మాత్ర చేసేదీ అంతేనంది అక్క. ప్రొటీన్లని చంపదు, వాటి పట్టు సడలిస్తుంది. ముడి ఆలస్యంగా పడుతుంది, కానీ పడుతుంది.

"మీ వాల్వు కూడా వాటికి పడుగులాగే కనిపిస్తుందండి. మాత్ర మానేసి ఈ కట్లు విప్పేశారనుకోండి, గుండెలోనే తివాచీ నేసేస్తాయి."

కాసేపటికి అక్క నా చెయ్యి తియ్యమంది. గుడ్డకి అంటిన మరక పెరగలేదు. కొత్త రక్తం రాలేదు. తాతయ్య చెయ్యి చాపి అట్ట అడిగి తీసుకున్నాడు, జేబులో పెట్టుకున్నాడు. ఆ మాత్ర వేసుకునేవాళ్ళు నెలనెలా చేయించుకోవాల్సిన, చెరువు పనుల్లో పడి తను కొన్నాళ్ళుగా ఎగ్గొట్టిన రక్తపరీక్షకి మర్నాడే వెళ్ళాడు. డాక్టరు మోతాదు కొంచెం తగ్గించారు, మానమనలేదు.

నేనిప్పుడు ఇంజనీర్ని. మొరాయించిన మిషన్ని సరిచేశానో లేదో, కుదిరిందా అని మళ్ళీ దాని మూతలు విప్పి చూడాలని మనసు లాగుతుంది. అప్పుడు నా అరచేతి కింద తాతయ్య అరచెయ్యి గుర్తొస్తుంది. ముందు పట్టు దొరకనివ్వాలి, ఆ తర్వాతే ఎత్తి చూడాలి. ఈ పద్ధతి నన్నింతవరకూ మోసం చెయ్యలేదు.

తాతయ్య ఇప్పటికీ నెలనెలా పరీక్ష చేయించుకుని, అందులో వచ్చిన అంకె చెప్పడానికి ఫోన్ చేస్తాడు. రక్తం గడ్డకట్టడానికి మామూలు కంటే ఎన్ని రెట్ల సమయం పడుతోందో చెప్పే అంకె అది. ఆయనకి రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. నిన్న ఫోన్ ఎత్తగానే, "తివాచీ లేదురా," అన్నాడు. అంకె చెప్పమన్నాను.

2.8.