పెండ్లి జీపు కోసం పందెం

మొన్న మనవడు ఫోన్‌లో అమెరికా పాత కార్ల పందేలు చూపిస్తుంటే నవ్వు ఆపుకోలేకపోయిన. ఊళ్ల మధ్య నుంచి పోయే మామూలు మట్టిరోడ్ల మీదనే పైకప్పు లేని కార్లు దుమ్ము లేపుకుంటూ ఉరుకుతున్నయి, జనం రోడ్డు అంచునే నిలబడి చూస్తున్నరు, ప్రతి కారులో తోలేవాడి పక్కన మరమ్మతు చేసేవాడొకడు కూర్చున్నడు. ఆ పక్క సీటు పని నేనూ చేసినరా అంటే మనవడు నమ్మలేదు.

మాది భానూర్ దగ్గరి ఊరు. నా పెండ్లి కుదిరిన ఏడు మా చిన్నాయనకు ఒకటి, మా మేనమామకు ఒకటి పాత జీపులుండేవి. నన్ను అత్తగారింటికి ఎవరి జీపులో తోలాలన్నది ఇద్దరికీ పంతమైపోయింది. చివరికి ఫ్యాక్టరీ లారీలు తిరగని ఒక ఆదివారం పొద్దున, ఊరి నుంచి పటాన్‌చెరు పెద్దరోడ్డు దాకా ఎవరు ముందు పోతే వాళ్ల జీపే అని ఒప్పుకున్నరు. మామ జీపు మాటిమాటికి వేడెక్కేది కనుక, కాలో చెయ్యో విరిగితే పెండ్లెట్ల అని అమ్మ మొత్తుకుంటున్నా వినకుండా, నీళ్ల డబ్బా పట్టుకొని నేను పక్కన ఎక్కిన.

గాలికి జడ ఊడిపోయింది, భయమో సంతోషమో తెలవక గట్టిగా అరిచిన. జొన్నచేన్లలో కలుపు తీసే ఆడోళ్లు లేచి కొంగులు ఊపిన్రు. సగం దారిలో గొర్ల మంద అడ్డమొస్తే రెండు జీపులూ ఆగినయి, గొర్లు కాసే తాత కర్ర ఎత్తి, "రోడ్డు మీ అయ్య జాగీరా?" అని ఇద్దరినీ కలిపి తిట్టిండు. అక్కడనే మా జీపు పొగలు కక్కింది. నేను దిగి నీళ్లు పోసేలోపు చిన్నాయన మాయమైండు.

ఇగ ఓడినమనుకుంటూ పోతుంటే, పెద్దరోడ్డు కనబడే మలుపులో ఆయన జీపు మూత లేపుకొని నిలబడి ఉంది. మామ హారన్ కొట్టుకుంటూ దాటి, గెలిచి, వెంటనే వెనక్కి తిప్పుకొచ్చి తాడు తీసిండు. తాడుతో వెనక లాక్కొచ్చే జీపులో స్టీరింగ్ పట్టే మనిషి కావాలె. చిన్నాయన అరచేయేమో మూత లేపినప్పుడే వేడి ఇంజన్‌కు తగిలి కాలింది.

"నువ్వు పట్టుకో బిడ్డా, ముంగట బండినే చూడు, భయపడకు," అన్నడు చిన్నాయన.

అట్ల పెండ్లిపిల్ల జీపు నడుపుకుంటూ ఊళ్లోకి వచ్చిందని ఊరంతా బయటికొచ్చింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, కోపం నిలుపుకోలేక నవ్వేసింది. పెండ్లినాడు నేనెక్కింది మామ జీపే, కానీ తోలమని తాళం చిన్నాయన చేతికిచ్చిండు మామ.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. రోడ్డు వెడల్పయింది, కంటైనర్లు, కంపెనీ బస్సులు తెగకుండా పోతున్నయి. మా ఆనాటి వేగం ఇప్పటి ఆటోకు కూడా లెక్కలోకి రాదు. కానీ మన ఈడువాళ్లకు తెలుసు, ఎంత ఉరికినా ఎదురొచ్చే మనిషిని గుర్తుపట్టి వరస పెట్టి పిలిచేటంత నిదానం అందులో ఉండేది. ఇప్పుడు అద్దాలెక్కించుకొని పోతున్నం, పక్క బండిలో సొంత మనిషే ఉన్నా తెలవదు.