కుమారి పెట్టని బొట్టు

ఆ రేవులో మొగుడు ఉండీ నుదుట బొట్టు లేని ఆడది కుమారి ఒక్కతే. కాపురానికి వచ్చిన కొత్తలో, చేపల బుట్టల దగ్గర పై ఊరి ఆడవాళ్ళు ఆమె మొహం చూసి, "అయ్యో, ఇంత సిన్న వయసుకే పోయినాడేటమ్మా?" అని జాలిపడేవారు. వెనకాల వల భుజాన వేసుకుని వస్తున్న ఢిల్లీరావు, "పోలేదు పిన్నీ, ఇక్కడే ఉన్నాను, సూడు," అనేవాడు. అందరూ పకపకా నవ్వేవారు. కుమారి కూడా నవ్వేది.

ఆమెది నందిగాం వైపు. తండ్రి అక్కడి క్రైస్తవ సంఘంలో పెద్ద. పెళ్ళికి ముందు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్ళేది. చేపల వేట ఆపేసే వేసవి నెలల్లో ఢిల్లీరావు అక్కడికే బస్తాలు మోయడానికి వచ్చాడు. జీడి తొక్కు తీస్తున్న పిల్లను చూశాడు, ఇంకెవరినీ చూడలేదు. తిన్నగా నందిగాం వెళ్ళి ఆమె తండ్రి ముందు నిలబడ్డాడు.

"బాప్తిస్మం తీసుకోనోడికి మా పాస్టరు గారు పెళ్ళి సెయ్యరు బాబూ," అన్నాడు తండ్రి, ఇక అడగడనుకుని.

"దానికేటి మావయ్యా? రేపే ముంచీయండి!"

కొన్ని వారాలు పాఠాలు చెప్పారు. శ్రద్ధగానే నేర్చుకున్నాడు. ఊరి చెరువులో నడుము లోతు నీళ్ళలో పాస్టరు గారు అతన్ని ముంచి లేపి, చేపలు పట్టేవాడికి తగినదని, యేసు శిష్యుల్లో జాలరి పేరు సీమోను అని పెట్టారు. సముద్రంలో పుట్టి పెరిగినవాడు. తల విదిలించుకుంటూ, "ఇంతేనా! ఇంకా లోతుకి తీసుకెల్తారనుకున్నాను," అన్నాడు. గట్టు మీద అందరూ నవ్వుతుంటే కుమారి ఒక్కతే ఏడ్చింది. దేవుడు అతన్ని తనకోసం వెతికి తెచ్చాడనుకుంది. పెళ్ళికి ముందు అతన్ని ఎన్నో అడిగింది. తాగుతావా అని, మీ అమ్మ ఎలాంటిదని, తుఫాను రోజుల్లో భయం వెయ్యదా అని. నమ్మావా అని మాత్రం అడగలేదు. తడిసి లేచినవాడిని ఆ మాట అడగాలని ఎవరికి తోస్తుంది?

పెళ్ళయ్యాక కొన్నాళ్ళు చర్చిలో మగవాళ్ళ వైపు చివరన కూర్చునేవాడు. తర్వాత వలలు బాగు చేసుకోవాలన్నాడు. తర్వాత క్రిస్మస్‌కి మాత్రం కొత్త చొక్కా వేసుకుని వచ్చేవాడు. ఆమెను ఏనాడూ ఆపలేదు, ఒక్క మాట అనలేదు. రోజూ సాయంత్రం కుమారి తల మీద కొంగు కప్పుకుని, "ప్రభువా, మేమిద్దరం నీ బిడ్డలం," అని మొదలుపెట్టేది. ఆ ఇద్దరిలో రెండోవాడు పక్క గదిలో ఫోను చూసుకుంటూ ఉండేవాడు.

అన్నాళ్ళూ అతను అన్న బోటులో కళాసీగానే వెళ్ళాడు. ఈ ఏడు సొంత బోటు వచ్చింది. వేట మళ్ళీ మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం, కళాసీల్లో పెద్దవాడు కృష్ణారావు వాకిట్లోకి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"కోడలా, రేపు తెల్లారేసరికి గంగమ్మ పూజ. బోటు ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టాలి. నీ సెయ్యి పడితేగాని మనోళ్ళు కాలు పెట్టరు."

కుమారి అత్త వైపు చూసింది. "అత్త పెడతాది కదా మావయ్యా."

"నానెలా పెడతానే?" అంది అత్త బొడ్డమ్మ. "ముండమోసినదాన్ని. మొగుడు సల్లగుండాలని పెట్టే బొట్టు అది."

"మరి తోటికోడలో?"

"ఆ పిల్ల తన బోటుకి పెట్టుకుంటాది. ఎవరి బోటుకి ఆ ఇల్లాలి సెయ్యే," అని లేచాడు కృష్ణారావు. కోపం లేదు, వెటకారం లేదు. లైఫ్ జాకెట్ వేసుకోమని చెప్పినట్టు చెప్పాడు.

కుమారి పాస్టరు గారికి ఫోను చేసింది. ఆయన ఓపికగా విన్నారు. భార్య భర్తకు లోబడాలన్నారు. దేవుడికి తప్ప మరెవరికీ మొక్కకూడదన్నారు. రెండూ ఆమెకు చిన్నప్పటినుంచి తెలిసినవే. ఆ రెండింటి మధ్యన నిలబడినదాన్ని ఏం చెయ్యమంటారని అడిగితే, ప్రార్థించమ్మా అన్నారు.

పొద్దువాలాక బోటు దగ్గర ఢిల్లీరావు ఒక్కడే ఉండటం చూసి వెళ్ళింది.

"నావల్ల కాదు మావా."

అతను ఇంజను తుడుస్తూనే, "ఒక్క బొట్టే కదే," అన్నాడు. "నువ్వు మొక్కక్కర్లేదు. మనసులో నీ యేసయ్యనే తలుసుకో. ఎవడు సూడొచ్చాడు?"

"ఆయన సూడడా?"

ఢిల్లీరావు గుడ్డ పక్కన పెట్టాడు. "కుమారీ, ఆ రోజు నానేటి సూసుకుని మునిగినాను? నువ్వు కావాలని మునిగినాను. నీకోసం నానంత సేత్తే, నాకోసం నువ్వింత సెయ్యవేటి?"

అతను తప్పుగా అనలేదు. లెక్క అడిగినట్టు కూడా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆమెకు మాత్రం కాళ్ళ కింద ఇసుక కదిలింది. ఆ మునక ఉత్తదైతే, దాని మీద నిలబెట్టిన పెళ్ళి ఏమిటి? సంఘం ముందు పట్టుకున్న ఆ చెయ్యి ఎవరిది, సీమోనుదా, ఢిల్లీరావుదా? చేతులు ఒడిలో పెట్టుకుని బోటు పక్కన ఇసుకలో కూర్చుండిపోయింది.

ఆమె మొహం చూసి అతనే తగ్గాడు. "సర్లే, ఏడవకు. నాను సూసుకుంటాను."

ఎలా చూసుకుంటాడో తెల్లారాక తెలిసింది. కుమారి రేవుకి వచ్చేసరికి బోటు ముక్కు నిండా పసుపు, మధ్యన పెద్ద కుంకుమ బొట్టు. చుట్టూ జనం.

"మీకంటే ముందే లేచి పెట్టీసినాది," అంటున్నాడు ఢిల్లీరావు. "నలుగురిలో పెట్టడానికి సిగ్గట దానికి."

"ఓలమ్మా, మా కోడలు బంగారం!" అని బొడ్డమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆమె కోడలిని అలా ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆడవాళ్ళు మీద పడ్డారు. "మీ దేవుడు కోప్పడడులేయే!" అని ఒకామె వీపు తట్టింది. కృష్ణారావు కొట్టిన కొబ్బరికాయలో పెద్ద చెక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

నేను కాదు అని ఒక్క మాట అంటే చాలు. కళాసీలు దిగిపోతారు. మొదటిరోజే మొగుడు రేవులో అబద్ధాలకోరవుతాడు. ఇక అతని బోటు ఎవరు ఎక్కుతారు? అనకపోతే, తను పెట్టని బొట్టు తనదవుతుంది. కుమారి నోరు తెరిచింది. జనం మీదుగా ఢిల్లీరావు ఆమె వైపే చూస్తున్నాడు. బతిమాలినట్టు లేదు ఆ చూపు. పెళ్ళానికి ఇష్టమైనది చేసి పెట్టిన మగవాడి సంబరం అందులో ఉంది. "హైస్సా" అని బోటును నీళ్ళలోకి తోశారు. ఆమె నోరు మూసుకుంది.

ఆదివారం అతనే బండి మీద ఆమెను పూండిలో చర్చి దగ్గర దింపి, బయట వేపచెట్టు నీడలో ఆగాడు. లోపల ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం గిన్నె వరసగా వచ్చాయి. అవి తీసుకునే ముందు తన తప్పు ఏమని ఒప్పుకోవాలో కుమారికి తెలియలేదు. చేసింది తను కాదు. కాదనడానికీ లేదు. చేసినవాడు తనకోసం చేశాడు. అతని బదులు క్షమాపణ అడగడం, అతని బదులు నమ్మడం తనవల్ల అయ్యేవి కావు. ఇద్దరం అని ఇన్నేళ్ళుగా చెప్పిన మాట ఆ రోజు చెప్పలేదు. గిన్నెలోది తాగకుండానే పక్కామెకు అందించింది.

బయటకి వచ్చాక ఢిల్లీరావు బండి స్టార్ట్ చేస్తూ, "నా గురించి కూడా అడిగినావా?" అన్నాడు. ప్రతి ఏడూ వేట మొదట్లో అడిగే మాటే.

"అడగలేకపోయాను మావా."

"దానికేటే? వచ్చే వారం అడుగు," అని నవ్వాడు. "పట్టుకుని కూర్చో, రోడ్డు బాగోలేదు."

కుమారి అతని భుజం పట్టుకుంది.