గూడ్సు బండి మింగిన మాట

వెర్లీన్ టాకెట్ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. గూడ్సు బండి వస్తోందని అర్థం. కాలిఫోర్నియా లోయలో, బాదం తోటల మధ్య ఉన్న లార్కిన్ ఊళ్లో అందరిదీ అదే అలవాటు. పట్టాలు ఊరి నడుమ నుంచే పోతాయి. కూత వినబడగానే ఎవరి మాట వాళ్ల నోట్లోనే నిలిచిపోతుంది. చివరి పెట్టె దాటాక, తెగిన చోటే అతికించుకుని మళ్లీ మొదలుపెడతారు. పెళ్లిలో పాదరీ అడిగినదానికి వెర్లీన్ "ఒప్పు" అనేసరికి బండి వచ్చింది. "కుంటున్నాను" అనేలోపు పెళ్లికొడుకు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాపం, పొరుగూరివాడు.

కొన్నేళ్లకి ఆ మొగుడూ చనిపోయాడు. పట్టాల పక్కన వెర్లీన్ తల్లి పెట్టిన కాఫీ హోటల్ మిగిలింది. బండి వెళ్తున్నప్పుడు గోడకు వేలాడే కప్పులు గణగణమంటాయి. వెర్లీన్ కాఫీ కూజాని చేత్తో మూసి నిలబడుతుంది. ఓసారి కొండల్లో ఉన్న చెల్లెలింటికి వెళ్లి, ఆ నిశ్శబ్దంలో ఎక్కడ మాట ఆపాలో తెలియక వాగుతూనే ఉండి, చివాట్లు తిని రెండోనాడే తిరిగొచ్చింది.

ఇంతలో వేగం బండి, అదే హైస్పీడ్ రైలు, వస్తుందని కబురు వచ్చింది. లాస్ ఏంజెలెస్ వాళ్లకి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లాలని తొందర. తొక్కేది మాత్రం మధ్యలో ఉన్నవాళ్లని. పటాలు మారాయి, అధికారులు మారారు, బండి కాగితం మీంచి కిందికి దిగలేదు. చివరగా వచ్చిన పటంలో పట్టాల గీత సరిగ్గా వెర్లీన్ వంటింటి మీదుగా పోయింది.

రోజూ పొద్దున్నే వచ్చి కూర్చునే పాడి రైతు డినిస్ బోర్బాకి అది పండగైంది. పోర్చుగీసు వాళ్ల మనవడు, నోటికి గడియ లేదు.

"మంచిదేగా వెర్లీన్. కిటికీలోంచి ఓ పీచ్ పళ్ల కేకు అందించావంటే లాస్ ఏంజెలెస్ చేరేదాకా వేడిగానే ఉంటుంది."

"నువ్వు నోరు మూసుకుని తిను."

"పోనీ మా దొడ్లోంచి వెయ్యమని చెప్పు. మా ఆవులు బొత్తిగా లోకం చూళ్లేదు."

బడి హాల్లో మీటింగు పెట్టారు. రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరమ్మ, చిన్నపిల్లే, గోడ మీద పటం చూపిస్తూ చెబుతోంది. అంతలో గూడ్సు వచ్చింది. ఊరు ఊరంతా బిగుసుకుపోయింది. డినిస్ ఎవరితోనో గొణుగుతున్నవాడు నోరు తెరిచే ఉంచాడు. ఇంజనీరమ్మకి ఈ మర్యాద తెలియదు. ఆమె పెదాలు ఆడుతూనే ఉన్నాయి. బండి పొడవైనది.

అది దాటగానే వెర్లీన్ లేచింది. వారం నుంచీ మనసులో తిప్పుకుంటున్న మాటలు. వంటిల్లు తీసుకుంటే తీసుకోండి, ఆ గోడొక్కటి వదలండి, కప్పులు మోగకపోతే నాకు కాఫీ కలపడం రాదు అంది. చెప్పాల్సింది చెప్పేసి కూర్చుంది.

ఇంజనీరమ్మ తెల్లబోయింది. "అమ్మా, మీ హోటల్ జోలికి రావడం లేదు. గీత పడమటికి జరిపాం. చెప్పానుగా."

"ఎప్పుడు చెప్పావు?"

"ఇప్పుడే."

"బండి వెళ్తుంటే చెబితే ఎట్లా తల్లీ?"

హాలంతా నవ్వింది. వెర్లీన్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వి, ఆ సంతోషంలో డినిస్ వైపు తిరిగింది. అతను నవ్వడం లేదు. పటం వైపు చూస్తున్నాడు. వెర్లీన్ హోటల్‌కి పడమట అతని దొడ్డి తప్ప ఇంకేమీ లేదు.

లార్కిన్‌లో బండి లేకుండా మాట ఆగడం అదే మొదలు.

వెర్లీన్ వెళ్లి అతని పక్క కుర్చీలో కూర్చుంది.

"ఆవులకి లోకం చూపిస్తానన్నాగా," అన్నాడు డినిస్.

"ముందు ఆ పటం మళ్లీ మార్పిద్దాం లే," అంది వెర్లీన్, ఇంకా పటం దగ్గరే నిలబడి ఉన్న ఇంజనీరమ్మ వైపు చూస్తూ. "వాళ్లకి అలవాటేగా."