ఉసేన్ మామ చప్పిడి పథ్యం

మొన్న పులివెందుల బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన ఒంటినుంచి కానుగ నూనె వాసన వచ్చింది. కిటికీ వైపు తిరిగి, ఉసేన్ మామ పోగొట్టుకున్నవన్నీ మనసులో లెక్కపెట్టాను. చేతుల మీద ఏడు గోళ్లు. పదకొండేళ్ల నిద్ర. పెళ్లి విందులో నలుగురి నడుమ కూర్చొని తినే ధైర్యం. మంగలి దగ్గర చోటు. చివరికి, అరవై నాలుగో ఏట, ప్రాణం. మొదటి నాలుగూ జబ్బు తీసుకుపోయింది. అయిదోదానిలో నా చెయ్యి ఉంది.

ఆయన ప్రొద్దుటూరులో నాపరాతి బండలు అమ్మే కొట్టులో కొలతల మేస్త్రీ. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఆయన కింద పనికి చేరాను. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. అర, ముప్పాతిక ఎక్కాలు, వంకర బండకు వైశాల్యం కట్టే పద్ధతి, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. ఒకసారి ఒక బండను చూసి ఉజ్జాయింపుగా ఆరడుగులన్నాను. "నీ కండ్లేమన్నా టేపా ఏంది? ఒంగప్పా, ఒంగి కొలువు. నడుం అరిగిపోదులే" అన్నాడు. కొలిస్తే అయిదడుగుల పది అంగుళాలు. ఆనాటి నుంచి కొలవకుండా నేను నోరు తెరవలేదు. అందుకే నా మాటంటే ఆయనకు గురి.

ఆయన ఒళ్లంతా ఎర్రటి మచ్చలు, వాటిమీద తెల్లటి పొలుసులు, వాటికి పూసుకొనే కానుగ నూనె వాసన. అంటుకొనే జబ్బు కాదని డాక్టరు చెప్పినా జనం దూరం జరిగేవాళ్లు. కూర్చొని లేచినచోట రాలిన పొట్టును తనే తుడిచేవాడు. "చూడప్పా, పాము ఏడాదికొకసారి కుబుసం ఇడుస్తాది. నేను పూటకొకసారి ఇడుస్తాండా" అని నవ్వించేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాలుగైదేళ్లకు ప్రొద్దుటూరు డాక్టరు కొత్తగా వచ్చిన చిన్న మాత్రలు రాశాడు. రోజుకు మూడు. నెల తిరిగేసరికి చర్మం నున్నబడింది. మామ పొట్టి చేతుల చొక్కా కుట్టించుకున్నాడు. ఏడాది గడిచేసరికి మాత్రం ముఖం ఉబ్బింది, తొడల్లో బలం తగ్గింది. తొండూరు దగ్గర ఒకాయన పసరు మందు ఇస్తాడని పులివెందులలో ఉన్న కూతురు కబురు పంపింది. నలభై రోజుల చప్పిడి పథ్యం. ఉప్పు ముట్టరాదు, పులుపు ముట్టరాదు, ఇంగ్లీషు మందు అసలే ముట్టరాదు. మా వైపు పసరు తాగేవాళ్లంతా పాటించే నియమమే.

"ఏమప్పా, మాత్రలు నిలిపేద్దునా? డాక్టరును అడిగితే కసురుకుంటాడేమో" అన్నాడు మామ.

నేను లెక్క వేశాను. "రోజుకు మూడు, నలభై రోజులు. నూటయిరవై మాత్రల వేడి ఒంట్లోకి పోదు. మంచిదే కదా మామా" అన్నాను. డాక్టరు ఉండేది మా కొట్టుకు రెండు వీధుల అవతలే. నేను పోయి అడగలేదు.

పసరు మొదలుపెట్టిన ఏడో రోజు పులివెందులలో కూతురింటికి పోయి చూస్తే మామ మంచం దిగలేకపోతున్నాడు. తాగిన గంజి తాగినట్టే కక్కుతున్నాడు. "పాత మందంతా కక్కిపోతాందిలే, శానా మంచిది. నీ మొగమేంది, నువ్వు పసరు తాగినట్ల?" అన్నాడు. ఆయన మాట వినక బస్సెక్కించి జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడి డాక్టరు నాడి చూసి, ఏ మందులు వాడాడని అడిగాడు. చెప్పాను. "ఏడాదిపాటు ఒళ్లు చేసుకోవలసిన పనిని ఈ మాత్రే చేస్తూ వచ్చింది. ఉన్నట్టుండి ఆపితే ఒంటికి ఆ పని చేతకాదు. వారానికి అర మాత్ర చొప్పున దించాలి. పైగా ఉప్పు కూడా ఆపారా! ఈ వయసులో తట్టుకుంటాడా? ఎవరు మానమన్నారు?"

నేను నోరు తెరిచేలోపే మామ అన్నాడు: "ఎవురూ అనలే సార్. నేనే నిలిపినా."

సూదులు వేశారు, సెలైన్ ఎక్కించారు. మరునాటి మధ్యాహ్నం మామ పోయాడు.

ఇప్పుడు మా వీధిలో ఏ ముసలివాళ్లు మందు మానేస్తామన్నా, రాసిచ్చిన డాక్టరు దగ్గరికి నేనే వెంట నడుస్తాను. వాళ్లు విసుక్కుంటారు. ఆ మాటలు పడతాను.

ఆ రోజు మామకు మట్టి ఇచ్చి వస్తూ దారిలో లెక్క కట్టాను. మొదటి వారం రోజుకు రెండున్నర, తర్వాత రెండు, ఒకటిన్నర, ఒకటి, అర. అయిదు వారాలు. ఆయనను మందు నుంచి క్షేమంగా దించడానికి ఆ మాత్రలే చాలు. ఈనాటికీ నేను మామకు యాభై రెండున్నర మాత్రలు బాకీ.