మణికట్టుతో కొలిచే మేస్త్రి

పాముపెట్టె వేడి హద్దు దాటితే కరెంటు ఆపే థర్మోస్టాట్ వద్దని చెప్పి తొమ్మిది వందలు మిగుల్చుకున్న ఘనుణ్ణి నేను. హుజూరాబాద్‌ల బట్టల దుకాణం గల్లా వెనక పెరిగినోన్ని, చెప్పిన ధరల కొంత కోయకుంటే అన్నం అరగదు.

మేస్త్రి కోళ్లఫారాలల్ల కోడిపిల్లలకు వేడి బల్బులు బిగించేటోడు. కాగితాలు చేయించి తెచ్చుకున్న నా విదేశీ కొండచిలువ అద్దాలపెట్టె కింద, దానికి వెచ్చగుండేటట్టు కరెంటుతో కాగే హీట్ మ్యాట్ పెట్టడానికి ఆయన్ను పిలిపించిన. వేడి వస్తువేదైనా ఆయన మణికట్టు ఆనించి, కండ్లు మూసుకొని పది లెక్కపెట్టేటోడు.

"సేటూ, కోడిపిల్లలకు వేడెక్కువైతే దూరం ఉరుకుతయి. ఇది ఉరకదు, కాలుతున్నా అక్కడ్నే పంటది. థర్మోస్టాట్ లేకుంటే నేను బిగియ్య."

"నువ్వు బిగియ్యకుంటే నేనే బిగించుకుంట కాకా."

ఆయన సామాను సర్దుకొని పోయిండు. నేను బిగించిన.

వారానికి పాము పొట్టకింది పొలుసులు గోధుమరంగుకు తిరిగినయి. మేస్త్రికి ఫోన్ చేస్తే వెంటనే వచ్చిండు. మ్యాట్‌కు మణికట్టు ఆనించి, మూడు అనంగనే చెయ్యి గుంజుకున్నడు.

"బేరం నువ్వు చేసినవ్ సేటూ, కాలింది దానికి."

థర్మోస్టాట్ బిగించి, జరసేపాగి మళ్లీ మణికట్టు ఆనించిండు. ఈసారి పది దాటినా చెయ్యి తియ్యలే.

థర్మోస్టాట్‌కు తొమ్మిది వందలు, పశువుల డాక్టరుకు పన్నెండు వందలు, మందుకు మూడు వందల యాభై అయినయి. మేస్త్రి కూలి ఐదు వందలు, అడిగినంతా ఇచ్చిన. ఇగ మిగిలింది, పాము పొట్టమీద రూపాయి బిళ్లంత మచ్చ.